బస్సు టికెట్టు: లెక్క ఎవరి దగ్గర ఉండాలి?

సిటీబస్సులో ఛార్జీ వసూలు చెయ్యడం చాలా చిన్న సమస్యలా కనిపిస్తుంది. ఎక్కినవాళ్ళు డబ్బులివ్వాలి, ఇచ్చినట్టు ఒక రుజువు ఉండాలి, అంతే కదా! మనలో ఎవర్నడిగినా ఓ శనివారం మధ్యాహ్నం కూర్చుని రెండు టేబుళ్ళు, నాలుగు ఫంక్షన్లు రాసి పడేస్తామనే అంటారు. కాని ఈ చిన్న లావాదేవీకి ఉన్న షరతులు చూడండి. వచ్చే మొత్తం చాలా తక్కువ, కనుక వసూలుకయ్యే ఖర్చు అంతకన్నా బాగా తక్కువ ఉండాలి. ఎక్కే మనిషి దగ్గర ఆగడానికి ఒకటి రెండు సెకన్లకు మించి వ్యవధి లేదు. బండి కదులుతూ ఉంటుంది, నెట్‌వర్కు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఎక్కేవాళ్ళలో బ్యాంకు ఖాతా లేనివాళ్ళు, చదవడం రానివాళ్ళు, ఓ చేత్తో బిడ్డనీ ఇంకో చేత్తో సంచినీ పట్టుకున్నవాళ్ళు, సందు దొరికితే ఎగ్గొట్టేవాళ్ళు అందరూ ఉంటారు. ఇది చాలదన్నట్టు, డబ్బు పుచ్చుకునే తన మనిషిని కూడా సంస్థ పూర్తిగా నమ్మదు.

ఒక్కో నగరం దీనికి ఒక్కో జవాబు చెప్పుకుంది. పైకి అవన్నీ వేరువేరుగా కనిపించినా, వాటి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: లెక్క ఎవరి దగ్గర ఉండాలి? ప్రయాణికుడి చేతిలోని కాగితం మీదా, జేబులోని కార్డు మీదా, ఎక్కడో ఉన్న సర్వర్లోనా? ఈ మూడింటిలో ఏది ఎంచుకుంటే ఎవరికి సుఖమో, ఎవరికి కష్టమో చూద్దాం.

కండక్టరు ట్రే

ముందు మనకు తెలిసిన పద్ధతితోనే మొదలుపెడదాం. టికెట్టు మిషన్లు రాకముందు ఆర్టీసీ కండక్టరు చేతిలో ఒక ట్రే ఉండేది గుర్తుందా? అందులో ఒక్కో ధరకి ఒక్కో టికెట్ల కట్ట. ప్రతి టికెట్టు మీదా వరస నంబరు. దాంతో పాటు 'ఎస్సార్' అనే ఒక కాగితం. బస్సు ఒక్కో స్టేజీ దాటేసరికి, ఏ కట్టలో ఏ నంబరు దాకా తెగిందో కండక్టరు అందులో రాసి ఆ స్టేజీని ముగించాలి. హఠాత్తుగా చెకింగు వాళ్ళు ఎక్కితే చేసే పని సులువు: ఎస్సార్‌లో రాసిన నంబరుకీ, కట్ట మీద కనిపిస్తున్న నంబరుకీ తేడా చూడడం, బస్సులో తలలు లెక్కపెట్టడం, చేతిసంచీలో డబ్బు లెక్కపెట్టడం. ఈ మూడూ కలవాలి.

మన భాషలో చెప్పాలంటే ఇది ఒక లాగ్. చేర్చడమే గాని చెరపడం కుదరని లాగ్, మధ్యమధ్యలో చెక్‌పాయింట్లు. కంప్యూటరు అన్న మాట లేకుండా, పెన్నూ కాగితంతో నడిచిన ఆడిట్ వ్యవస్థ అది. ఎంత గట్టి వ్యవస్థో అంత కఠినమైనది కూడా. స్టేజీ ముగించకపోవడం, డబ్బు తీసుకుని టికెట్టు ఇవ్వకపోవడం వంటి ఆరోపణల మీద ఉద్యోగాలు పోయి, లేబరు కోర్టుల నుంచి హైకోర్టు దాకా వెళ్ళిన కండక్టర్ల కేసులు కొల్లలు. నిండు బస్సులో, రెండు స్టాపుల మధ్య ఉన్న మూడు నిమిషాల్లో నలభై మందికి టికెట్లు కొట్టలేకపోయినవాడికీ, కొట్టకుండా డబ్బు జేబులో వేసుకున్నవాడికీ ఆ కాగితం మీద తేడా తెలియదు మరి.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది చిల్లర వ్యవహారం. మీరు పెద్ద నోటు ఇస్తారు, కండక్టరు దగ్గర చిల్లర ఉండదు. టికెట్టు వెనక్కి తిప్పి, ఇవ్వాల్సిన మొత్తం రాసి మీ చేతిలో పెడతాడు. దిగేలోగా గుర్తుపెట్టుకుని అడిగి తీసుకోవాల్సిన బాధ్యత మీది. అంటే ఆ టికెట్టు ఒక్క క్షణంలో రసీదు నుంచి ప్రామిసరీ నోటుగా మారిపోయింది! మరీ చిల్లర లేకపోతే ముక్కూ మొహం తెలియని ఇద్దరికి కలిపి ఒకే నోటు ఇచ్చి, 'దిగి పంచుకోండి' అంటాడు. వెనకాల ఉన్న కండక్టరుకి ముందునుంచి పదిమంది చేతుల మీదుగా డబ్బు వెళ్ళి, అదే దారిన టికెట్టూ చిల్లరా వెనక్కి రావడం కూడా మీరు చూసే ఉంటారు. మధ్యలో ప్యాకెట్లు పోవడం చాలా అరుదు.

కండక్టరు వల్ల అసలు లాభం డబ్బు వసూలులో కాదు, సమయంలో. బస్సు కదులుతూ ఉండగానే వసూలు జరిగిపోతుంది. అన్ని తలుపుల నుంచీ జనం ఎక్కొచ్చు, దిగొచ్చు. నష్టం ఒక్కటే, రెండో జీతం. పాశ్చాత్య దేశాలు ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్కటిగా ఆ జీతాన్ని మిగుల్చుకున్నాయి. లండన్‌లో కండక్టరుతో నడిచిన పాత రూట్‌మాస్టర్ బస్సులు మామూలు రూట్ల నుంచి 2005 డిసెంబరులో తప్పుకున్నాయి. అమెరికాలో అయితే కండక్టరు పోయి చాలా కాలమైంది. డ్రైవరే డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చే పద్ధతి కొన్నాళ్ళు నడిచింది గాని, చిల్లర సంచీ కోసం డ్రైవర్ల మీద దోపిడీలు పెరిగి, 1960ల చివర్లో ఒక్కో నగరమూ 'సరిపడా చిల్లర ఉంటేనే ఎక్కండి' అనేసింది. డ్రైవరు కూడా తెరవలేని ఇనప్పెట్టె తలుపు పక్కన వెలిసింది. కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు ఇరవై డాలర్ల నోటు పట్టుకుని బస్సెక్కి తెల్లమొహం వెయ్యడం వెనక ఉన్న చరిత్ర ఇదన్నమాట.

తలుపు దగ్గర పోయే సెకన్లు

వసూలు పనిని తలుపు దగ్గరికి తెస్తే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రూటులో బస్సు వెళ్ళి తిరిగి రావడానికి గంట పడుతుందనుకోండి. పది నిమిషాలకొక బస్సు నడపాలంటే 60ని 10తో భాగించి, ఆరు బస్సులు కావాలి. ఆ గంటలో 200 మంది ఎక్కుతారనీ, ఒక్కొక్కరూ డబ్బు వేసి ఎక్కడానికి ఐదు సెకన్లు పడుతుందనీ అనుకోండి. మొత్తం వెయ్యి సెకన్లు, సుమారు పదిహేడు నిమిషాలు. అదే రెండు సెకన్లయితే ఏడు నిమిషాల లోపే. పోయిన పది నిమిషాలూ కలిపితే రౌండు 70 నిమిషాలవుతుంది, అప్పుడు అదే రూటుకి ఏడు బస్సులు కావాలి. అంటే మనిషికి మూడు సెకన్ల ఆలస్యం ఖరీదు ఒక బస్సు, దాని డ్రైవర్లు, దాని డీజిలు! రవాణా సంస్థలు స్మార్ట్ కార్డుల మీద అంత డబ్బు పొయ్యడానికి అసలు కారణం దొంగతనాలు అరికట్టడం కాదు, ఈ భాగహారమే.

దీనికి కార్డు లేని విరుగుడు కూడా ఉంది. బ్రెజిల్‌లోని కురితీబాలో 1991 నుంచి గాజు గొట్టాల్లాంటి స్టాపులు కట్టి, ఛార్జీ అక్కడే తీసేసుకున్నారు. బస్సు రాగానే తలుపులన్నీ తెరుచుకుంటాయి, వసూలుతో బస్సుకి పని లేదు. ఇంకో దారి జనాన్ని నమ్మడం. ఏ తలుపులోంచైనా ఎక్కండి, టికెట్టు మీ దగ్గర ఉంచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు చెకింగు వస్తుంది, దొరికితే జరిమానా. యూరప్‌లో చాలా నగరాలది ఇదే దారి. శాన్‌ఫ్రాన్సిస్కో 2012 జులైలో బస్సులన్నిటికీ దీన్ని పెట్టినప్పుడు, వెనక తలుపు తెరిస్తే అందరూ ఎగ్గొడతారని చాలామంది భయపడ్డారు. జరిగింది వేరు. ఎగ్గొట్టేవాళ్ళ శాతం 2009లో 9.5 ఉన్నది 2014 నాటికి 7.9కి తగ్గింది. బస్సు స్టాపులో ఆగే సమయమూ తగ్గింది. నిజానికి ముందు తలుపులోంచి ఎక్కే రోజుల్లో కూడా జనం వెనకనుంచి దూరుతూనే ఉండేవారు.

లెక్క కార్డులో ఉంటే

ఇక స్మార్ట్ కార్డు సంగతి. హాంకాంగ్ ఆక్టోపస్ 1997లో, సింగపూర్ ఈజీలింక్ 2002లో, లండన్ ఆయిస్టర్ 2003లో వచ్చాయి. వీటి మూలసూత్రం ఒకటే: లెక్క కార్డులోనే ఉంటుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు దగ్గరికి తేగానే దాని అయస్కాంత క్షేత్రం నుంచే కార్డులోని తీగచుట్టకి కరెంటు వస్తుంది. ఆ కాస్త కరెంటుతో చిప్పు నిద్రలేచి, రీడరు అసలుదో కాదో సరిచూసి, తన బ్యాలెన్సు చెప్పి, తగ్గించిన కొత్త బ్యాలెన్సు రాసుకోవాలి. ఇదంతా అర సెకను లోపల. సర్వరుతో మాట్లాడే పనే లేదు గనక బస్సు ఏ సొరంగంలో ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బ్యాలెన్సు రాస్తూ ఉండగా మధ్యలోనే తొందరపడి కార్డు వెనక్కి లాగేస్తే? కరెంటు పోయినట్టే కదా. సగం రాసిన బ్యాలెన్సుతో కార్డు పాడవకూడదు. డబ్బు పోయి ప్రయాణం నమోదు కాకుండా కూడా ఉండకూడదు. అందుకని కొత్త విలువని వేరే చోట రాసి, పూర్తిగా రాశాకనే దాన్ని అసలు విలువగా ప్రకటించే ఏర్పాటు ఉంటుంది. డేటాబేసుల్లో కమిట్, రోల్‌బ్యాక్ రాసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కాకపోతే మన డేటాబేసులకి ప్రతి లావాదేవీలోనూ ఎవరో ప్లగ్గు పీకేసే ప్రమాదం ఉండదు, ఇక్కడ ఉంటుంది.

కార్డే ఖజానా అయినప్పుడు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంట్లో కూర్చుని వెబ్‌సైటులో ఆయిస్టర్ కార్డులో డబ్బు వేస్తే, ఆ డబ్బు సర్వర్లో ఉంది గాని కార్డులో లేదు. దాన్ని ఎవరో కార్డులోకి ఎక్కించాలి. అందుకే చాలా ఏళ్ళపాటు 'ఏ స్టేషన్లో తీసుకుంటారు?' అని ముందే అడిగేవారు. అక్కడికి వెళ్ళి కార్డు తాకిస్తే గాని డబ్బు చేరేది కాదు.

ఖజానా జేబులో ఉంటే తాళం గట్టిదై ఉండాలి. తొలి ఆయిస్టర్ కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్పులో తాళంచెవి పొడుగు 48 బిట్లు మాత్రమే. ఎన్‌క్రిప్షన్ పద్ధతి రహస్యం, ఆ రహస్యమే రక్ష అనుకున్నారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ రహస్యాన్ని ఛేదించారు. చిప్పు తయారుచేసిన ఎన్‌ఎక్స్‌పీ సంస్థ ఆ పరిశోధన అచ్చుకాకుండా ఆపమని కోర్టుకి వెళితే, డచ్చి కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఏడే బోస్టన్ రవాణా కార్డు మీద ఎంఐటీ విద్యార్థులు ఇవ్వబోయిన ఉపన్యాసాన్ని కూడా అక్కడి రవాణా సంస్థ కోర్టు ఉత్తర్వుతో ఆపించింది. దాచిపెట్టిన అల్గారిథం భద్రమైన అల్గారిథం కాదన్నది మన రంగంలో పాత పాఠమే. కోర్టుకెక్కి నేర్చుకోవాలా అనిపిస్తుంది! 2010 ప్రాంతానికి లండన్ మెరుగైన చిప్పుకి మారింది. అయితే ఈలోగా వాళ్ళని కాపాడింది ఇంకొకటి ఉంది. ప్రతి కార్డుకీ సర్వర్లో ఒక నీడ లెక్క ఉంచుకుంటే, కార్డు చెప్పే బ్యాలెన్సు దాంతో కలవనప్పుడు ఆ కార్డుని నిషేధ జాబితాలో పెట్టి రీడర్లకి పంపవచ్చు. లెక్క కార్డులో ఉన్నా, సంస్థ కార్డుని నమ్మిందెప్పుడు?

లెక్క సర్వర్లో ఉంటే

సరే, ఎలాగూ నీడ లెక్క పెడుతున్నప్పుడు దాన్నే అసలు లెక్క చేసేస్తే పోలేదా? లండన్ అదే చేసింది. 2012 డిసెంబరులో బస్సుల్లోనూ, 2014 సెప్టెంబరులో భూగర్భ రైళ్ళలోనూ మామూలు బ్యాంకు కార్డునే తాకించి వెళ్ళే పద్ధతి వచ్చింది. ఇందులో రీడరు చేసే పని చాలా తక్కువ. కార్డు నిజమైనదేనా అని దానిలోని డిజిటల్ సంతకాన్ని చూస్తుంది, నిషేధ జాబితాలో ఉందేమో వెతుకుతుంది, సమయమూ బస్సూ నమోదు చేసి తలుపు విడుస్తుంది. ఛార్జీ ఎంతో దానికి అవసరం లేదు. రోజు పూర్తయ్యాక సర్వరు మీ తాకిడులన్నీ వరస పెట్టి, ఏది తక్కువ పడుతుందో చూసి, రోజువారీ గరిష్ఠ పరిమితి దాటకుండా ఒకే మొత్తం బ్యాంకు నుంచి తీసుకుంటుంది.

దీనివల్ల ఛార్జీల విధానం బస్సులోంచి సాఫ్ట్‌వేరులోకి వచ్చేసింది. 2016 సెప్టెంబరులో, మొదటి బస్సు ఎక్కిన గంటలోపు రెండో బస్సు ఎక్కితే ఉచితం అన్నారు. 2018 జనవరి నుంచి ఆ గంటలో ఎన్ని బస్సులైనా సరేనన్నారు. కాగితం టికెట్లతో ఇలాంటి మార్పు చెయ్యాలంటే ఎంత గొడవో ఊహించుకోండి.

మరి కార్డులో డబ్బు లేకపోతే? బ్యాంకుని అడిగి జవాబు వచ్చేదాకా మిమ్మల్ని తలుపు దగ్గర నిలబెట్టలేరు. కనుక మొదటిసారి ఎక్కనిచ్చేస్తారు. వెనకనుంచి బ్యాంకుని అడుగుతారు, కాదంటే కార్డుని నిషేధ జాబితాలో పెడతారు. ఆ జాబితా రీడర్లకి చేరాక ఇంక ఎక్కలేరు, బాకీ తీర్చేదాకా. ఒక్క ప్రయాణం నష్టపోవచ్చునన్న సంగతి తెలిసే, వేగం కోసం దాన్ని ఒప్పుకున్నారు. ఎవెంచువల్ కన్సిస్టెన్సీ అంటే ఏమిటని మీ జట్టులో కొత్తవాళ్ళు అడిగితే చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఒక చిన్న హెచ్చరిక. ఫోనులో పెట్టుకున్న కార్డుకీ, పర్సులో ఉన్న అదే కార్డుకీ నంబరు ఒకటి కాదు. ఫోను తన సొంత నంబరు చూపిస్తుంది. పొద్దున ఫోనూ, సాయంత్రం కార్డూ తాకిస్తే లండన్ సర్వరు దృష్టిలో మీరు ఇద్దరు. రోజువారీ పరిమితి ఇద్దరికీ విడివిడిగా లెక్క కడుతుంది.

ఇంత బాగున్న పద్ధతి సింగపూర్‌లో ఎందుకు బెడిసిందో చూడండి. 2024 జనవరి 9న అక్కడి భూ రవాణా సంస్థ, పెద్దవాళ్ళు వాడే పాత పద్ధతి కార్డులు జూన్ నుంచి చెల్లవనీ, అందరూ సర్వరు ఆధారిత సింప్లీగోకి మారాలనీ ప్రకటించింది. సాంకేతికంగా చూస్తే సబబే. రెండు వ్యవస్థలు పక్కపక్కన నడపడం దండగ. కాని జనం ఊరుకోలేదు. పాత కార్డు తాకించగానే ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది రీడరు మీదే కనిపించేది. కొత్త పద్ధతిలో రీడరుకే ఆ సంగతి తెలియదు. ఆప్ తెరిచి చూసుకోవాలి. రోజూ ఇంతలో ఇంత అని లెక్క చూసుకుని తిరిగేవాళ్ళకి ఆప్ ఎక్కడిది? జనవరి 22న, అంటే రెండు వారాలైనా తిరక్కుండానే, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పాత వ్యవస్థని నడిపించడానికి అదనంగా 4 కోట్ల సింగపూర్ డాలర్లు పెడతామంది. తన బ్యాలెన్సు తన కళ్ళకి కనబడాలన్న కోరికని 'లెగసీ యూజర్ల మొండితనం' అనుకోవడం మన రంగంలో మామూలే. కాని ఆ తెరమీది అంకె, కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చే అంకె, రెండూ ఒకటే: నా లెక్క నా చేతిలో ఉందన్న భరోసా.

ఇందులో మిగిలిపోయేవాళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి. 2014 జులై 6 నుంచి లండన్ బస్సుల్లో నోట్లూ నాణేలూ తీసుకోవడం మానేశారు. అప్పటికే నగదుతో ఎక్కేవాళ్ళు నూటికి ఒక్కరు. వాళ్ళకోసం ఏటా 2.4 కోట్ల పౌండ్లు ఖర్చవుతోందని సంస్థ లెక్క చెప్పింది. మరి రాత్రి పదకొండింటికి కార్డులో చాలినంత లేక స్టాపులో నిలబడిపోయిన మనిషి? వాళ్ళకోసం ఆయిస్టర్‌లో 'ఇంకొక్క ప్రయాణం' అనే సదుపాయం పెట్టారు. చాలినంత బ్యాలెన్సు లేకపోయినా ఒక్కసారి ఎక్కనిస్తుంది, కార్డులో అంకె సున్నా కిందికి వెళుతుంది. మన కండక్టరు సంస్థ తరఫున మీకు బాకీ పడితే, ఇక్కడ మీరు సంస్థకి బాకీ పడతారు, అంతే తేడా.

మళ్ళీ మన బస్సుల్లోకి

ఇండియాలో 2019 మార్చిలో నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు మొదలైంది. బ్యాంకు ఇచ్చే కార్డే, అయినా నెట్‌వర్కు లేకుండా వాడుకోవడానికి కొంత డబ్బు కార్డులోనే దాచుకునే ఏర్పాటు. రెండు పద్ధతుల్నీ ఒకే ప్లాస్టిక్కు ముక్కలో పెట్టారన్నమాట. కాని జనానికి అలవాటైంది యూపీఐ. సాంకేతికంగా ఆలోచిస్తే బస్సుకి యూపీఐ అంత పనికిరాని పద్ధతి ఇంకోటి లేదు: ఫోను తియ్యాలి, కోడు స్కాన్ చెయ్యాలి, పిన్ను కొట్టాలి, రెండు బ్యాంకులు మాట్లాడుకోవాలి, ఇంతా చేసి కండక్టరుకి కబురు రావాలి. లండన్ తలుపు దగ్గర ఇది పెడితే వరస పక్క వీధి దాకా పోతుంది. మన దగ్గర ఇది నడుస్తోందంటే కారణం కండక్టరు బస్సులో తిరుగుతాడు గనక. మీ ఫోను తంటాలు పడుతుండగా ఆయన పక్కవాళ్ళకి టికెట్టు కొట్టి మళ్ళీ మీ దగ్గరికి వస్తాడు. పైగా చిల్లర బాధ తీరింది.

ఇక 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అలాంటి పథకమే వచ్చింది. వసూలే లేనప్పుడు టికెట్టు ఎందుకనిపిస్తుంది. కాని రెండు చోట్లా కండక్టరు గుర్తింపు కార్డు చూసి, మిషన్లో సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతికిస్తాడు. ఎందుకంటే ఆ ప్రయాణాలకి ఆర్టీసీకి చెల్లించేది ప్రభుత్వం, ఆ బిల్లుకి ఆధారం ఆ సున్నా టికెట్లే. అంటే డబ్బు తీసేసినా లెక్క మిగిలింది, లెక్క రాసే మనిషీ మిగిలాడు. టికెట్టు అడగడం మర్చిపోయి దిగిపోయిన ప్రయాణికురాలు ఉచితంగా వెళ్ళినా ఆర్టీసీకి నష్టమే. అందుకే 'ఉచితమే కదా అని ఊరుకోకండి, జీరో టికెట్టు తప్పకుండా తీసుకోండి' అని ఆర్టీసీవాళ్ళు పదేపదే చెప్పాల్సి వచ్చింది.